కారుకి సిరామిక్ పూతా? ముందు చెయ్యి వేసి చూడండి

విశాఖలో తెల్ల కారు ఉన్నవాళ్ళకి ఈ అనుభవం కొత్త కాదు. షాంపూ పెట్టి శుభ్రంగా కడుగుతారు. ఆరాక దగ్గరికెళ్ళి చూస్తే తలుపుల కింది భాగంలో, వెనక డిక్కీ మీద గసగసాలంత చుక్కలు. గోధుమరంగువి. గోటితో గీకినా పోవు, మళ్ళీ కడిగినా పోవు. కారు రేకే తుప్పు పట్టేసిందేమోనని కంగారు పడకండి. బయటినుంచి వచ్చి పెయింటులో గుచ్చుకున్న ఇనుప రజను తుప్పు పడుతోందన్నమాట.

ఈ రజను ఎక్కడినుంచి వస్తుందంటారా? ఏ ఊళ్ళోనైనా బండ్ల బ్రేకులు అరిగి కొంత రాలుతుంది. రైలు చక్రాల దగ్గర ఇంకొంత. మన ఊరికి అది చాలదన్నట్టు 1933లో మొదలైన పోర్టు, షిప్‌యార్డు, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం, గాజువాక, ఆటోనగర్ వైపు వెల్డింగు, గ్రైండింగు షాపులు ఉన్నాయి. గ్రైండింగులో ఎగిరే రవ్వ వేడిగా వచ్చి పడుతుంది, అందుకే పెయింటులో దిగబడిపోతుంది. దీనికి తోడు వన్‌టౌన్, జ్ఞానాపురం వైపు వాళ్ళు కిటికీ ఊచల మీద రోజూ తుడిచే నల్లటి బొగ్గుదుమ్ము. బీచ్‌రోడ్డు వాళ్ళకైతే ఉప్పుగాలి.

ఇప్పుడు కారు కొన్న ప్రతివాళ్ళనీ 'సిరామిక్ కోటింగ్ చేయించుకోండి మేడమ్' అని అడుగుతున్నారు. వేలకు వేలు అయ్యే పని. ఏమిటిది? సిలికా రకం ద్రవం. పెయింటు మీద పల్చగా రాస్తే గట్టిపడి దానికి అంటుకుపోతుంది. మందం ఒకటి రెండు మైక్రాన్లు, అంటే తలవెంట్రుకలో ఎన్నో వంతు. నీళ్ళు ముత్యాల్లా జారిపోతాయి, మురికి సులువుగా వదులుతుంది. మైనం పాలిష్‌లా నెలల్లో పోదు, కొన్నేళ్ళుంటుంది. మంచిదే. కానీ వేశాక నచ్చకపోతే కడిగేస్తే పోయేది కాదు, పాలిష్ మిషను పెట్టి అరగదీస్తేనే పోతుంది. అడుగున ఏముంటే అది అలాగే ఉండిపోతుంది. గోళ్ళకి నూనె చెయ్యి ఉండగా నెయిల్ పాలిష్ వేసుకుంటే ఏమవుతుందో మనకి తెలియనిదా!

అందుకే షాపువాణ్ణి 'ఏ కంపెనీ పూత, ఎన్నేళ్ళ గ్యారంటీ' అని అడిగేముందు 'పూతకి ముందు ఏం చేస్తారు' అని అడగండి. అసలు పని అక్కడే ఉంది.

మొదట కడగడం. నురగ పట్టించి కాసేపు వదిలి, వదులైన దుమ్ముని నీళ్ళతో దింపేశాక అప్పుడు చెయ్యి పెట్టాలి. బకెట్లు రెండు ఉండాలి: ఒకటి సబ్బునీళ్ళకి, ఒకటి గుడ్డ జాడించడానికి. తారు మరకలకి విడిగా మందుంటుంది.

తర్వాత ఇనుప రజను. దీనికి వాడే మందు చల్లితే, తెల్ల కారు మీద చూడాలి ఆ తమాషా, రెండు మూడు నిమిషాల్లో ఊదారంగు ధారలు కారతాయి. వాసన మాత్రం భరించలేం. ఆ వాసన మీకు తెలిసిందే సుమా! రోమాలు తీసే క్రీముల్లో, బ్యూటీ పార్లర్లో జుట్టుని ఉంగరాలు తిప్పే మందులో ఉండే థయోగ్లైకోలేట్ జాతి రసాయనమే ఇది. అక్కడ వెంట్రుకని మెత్తబరుస్తుంది, ఇక్కడ ఇనుముతో కలిసి రంగు తేలి కరిగిస్తుంది. ఎండలో, వేడి రేకు మీద చల్లకూడదు, ఆరిపోనివ్వకూడదు, చేతికి తొడుగు ఉండాలి. గాజువాక, మల్కాపురం వైపు తిరిగే బండికి ఒక్కసారితో సరిపోకపోవచ్చు.

అప్పటికీ మిగిలినవాటిని క్లే అనే ముద్దతో లాగేస్తారు. పూరీ పిండిలా ఉంటుంది. సబ్బునీళ్ళు ధారాళంగా చల్లుతూ, బరువు వెయ్యకుండా రుద్దాలి. మురికి పట్టినవైపు మడిచి కొత్తవైపు తిప్పుకోవాలి. కింద పడిందా, ఇంక దాన్ని పారెయ్యాల్సిందే. అంటుకున్న ఇసుకతో మళ్ళీ రుద్దితే అంతకన్నా గరుకుకాగితం నయం.

ఈ పని సరిగ్గా జరిగిందో లేదో తెలుసుకోవడానికి మీటర్లేమీ అక్కర్లేదు. ఒక పల్చటి పాలిథిన్ కవర్లో చెయ్యి దూర్చి, కడిగిన బానెట్ మీద మెల్లగా నిమరండి. వట్టి చేతికి నున్నగా తోచిందే కవర్లోంచి బొంబాయి రవ్వలా తగులుతుంది. క్లే అయ్యాక అద్దంలా జారాలి. ఇంకా రవ్వ తగిలితే 'ఇక్కడ మళ్ళీ చెయ్యండి' అనండి. 'సార్‌తో మాట్లాడించండి మేడమ్' అని ఎవరైనా అంటే ఆ కవరు వాళ్ళ చేతికే ఇవ్వండి.

ఇక పాలిషింగు. డబ్బు కన్నా పెద్ద నష్టం జరిగే చోటు ఇదే, కాబట్టి కాస్త ఓపికగా చదవండి. చీకట్లో కారు మీద ఫోన్ టార్చి వేస్తే సాలెగూడులాంటి సన్నటి గీతలు కనిపిస్తాయి. నల్లకారు మీదైతే చెప్పక్కర్లేదు. మిషనుతో వాటిని మాయం చేస్తారంటే గీతల్ని పూడ్చడం కాదు, గీత లోతు వరకు చుట్టూ ఉన్న పొరని అరగదీయడం. కంపెనీ పెయింటు అన్ని పొరలూ కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో మెరుపునిచ్చే పై పొర, క్లియర్ కోట్ అనేది, 40 అటూ ఇటూ. పాలిష్ పెట్టిన ప్రతిసారీ కొంత పోతుంది, గట్టి కాంపౌండ్ వాడితే ఎక్కువ పోతుంది. పోయింది తిరిగి రాదు. అందుకని గోరు తట్టుకునేంత లోతు గీతని వదిలెయ్యడమే తెలివి.

మందం కొలిచే చిన్న మీటరు మంచి షాపుల్లో ఉంటుంది, మీ ఎదుటే పెట్టి చూపించమనండి. ఒక తలుపు మీద మాత్రం అంకె బాగా ఎక్కువగా ఉంటే దానికి ఎప్పుడో మళ్ళీ రంగు వేశారని అర్థం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఈ ఊళ్ళో ఎన్ని కార్ల మీద చెట్లు పడేసిందో గుర్తుందిగా? ఆ కాలపు బండి సెకండ్‌హ్యాండులో కొన్నవాళ్ళకి మీటరు కొత్త కబుర్లు చెప్పినా చెప్పొచ్చు. ఈమధ్యనే రంగు వేయించిన భాగమైతే కొన్ని వారాలు ఆగి, లోపల పూర్తిగా ఆరాకే పూత.

పాలిష్ అయిన కారు ధగధగలాడుతుంది. అది చూసి మోసపోకండి. పాలిష్ మందులోని నూనెలు సన్నగీతల్లో నిండి కప్పేస్తాయి. వాటిమీదే పూత పూస్తే పట్టు దొరకదు. నాలుగు వారాలకి గీతలూ బయటపడతాయి. ఆ జిడ్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన ద్రవంతో తుడిచి తీరాలి. పట్టేది కొద్దిసేపే. ఎగ్గొట్టినా చూసేవాళ్ళకి తెలియదు, అందుకే గట్టిగా అడగమంటున్నాను. పూత మాత్రం దుమ్ము రాని మూసిన షెడ్డులో వెయ్యాలి, చెట్టుకింద కాదు. మన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి తుడిచే సమయం తప్పితే మబ్బుమచ్చలు మిగులుతాయి. వానలూ తుఫాన్లూ దాటి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన రోజులు.

ఇంత పనీ వాడిన కారుకి ఒక పూటలో అవదు. 'పొద్దున్న ఇచ్చి సాయంత్రం తీసుకెళ్ళండి' అన్నారంటే ఏదో ఎగిరిపోయినట్టే. కొత్త కారుకి ఇవేవీ అవసరం లేదన్న మాటా నమ్మకండి. అదీ లారీల మీద వచ్చి, యార్డుల్లో ఎండకీ దుమ్ముకీ నిలబడి మన గుమ్మానికి చేరిందే.

నన్నడిగితే అందరికీ ఈ పూత అవసరం లేదు. పదేళ్ళ పాత బండి, రాత్రిళ్ళు రోడ్డుమీదే ఉండేది అయితే రజను తీయించి, క్లే చేయించి, తేలికపాటి పాలిష్ మీద మామూలు మైనం పెట్టించండి. మెరుపులో చాలావంతు అక్కడే వచ్చేస్తుంది. పూత దుమ్ముని పడకుండా ఆపదు, గీతల్నీ ఆపదు.

వేయించుకున్నవాళ్ళు మొదటి రోజు తడవనివ్వకండి, వారం దాకా షాంపూ వద్దు. పక్షిరెట్ట పడితే తడిగుడ్డతో మెత్తగా తీసెయ్యండి. బోరునీళ్ళతో కడిగి ఎండలో వదిలితే తెల్లమచ్చలు కడతాయి, చివరి జాడింపుకైనా కుళాయి నీళ్ళు వాడండి. చున్నీతో, పమిటచెంగుతో కారు మీద దుమ్ము దులిపే అలవాటుంటే మానుకోండి.

అపార్ట్‌మెంట్లలో పొద్దున్నే వచ్చి పొడిగుడ్డతో కార్లు తుడిచే కుర్రాళ్ళుంటారు. ఇనుప ఖనిజం దుమ్ముని పొడిగా రుద్దితే ఆ సాలెగూడు గీతలు రెండు నెలల్లో మళ్ళీ తయారు. పాపం, రోజూ తుడవకపోతే జీతం కోస్తారని వాళ్ళ భయం. వారానికి రెండుసార్లు నీళ్ళు పోసి కడిగితే చాలని, జీతం మాత్రం అంతే ఇస్తానని చెప్పండి.