జన్యులిపి - రెట్రోవైరసులు

వీరులపాడు, నందిగామ ప్రాంతపు నల్లరేగడి చేలలో నేడు పండుచున్న ప్రత్తిలో అధికభాగము బి.టి. ప్రత్తియే. నేలలో నుండు ఒక బాక్టీరియా జన్యువును ప్రత్తిలో చేర్చి దీనిని రూపొందించిరి. మన దేశమున దీని సాగుకు 2002లో అనుమతి లభించినది. శనగపచ్చ పురుగును చంపునది ఆ జన్యువు కాదు. దాని ననుసరించి మొక్క తయారుచేసికొను ఒక మాంసకృత్తు. మరి బాక్టీరియా వ్రాతను ప్రత్తిమొక్క ఎట్లు చదువగలిగినది?

స్వల్పమైన మినహాయింపులు తప్ప, సమస్త జీవులకును జన్యులిపి ఒక్కటే. డి.ఎన్.ఏ.లో నాలుగే అక్షరములు: అడినిన్, గ్వానిన్, సైటోసిన్, థైమిన్. మొక్కలలోను, మనలోను ఈ మూలగ్రంథము కణకేంద్రమును విడిచి రాదు. కావలసిన పుటకు మాత్రము ఆర్.ఎన్.ఏ. అను నకలు తీయబడి రైబోజోములను చేరును. అచట మూడక్షరముల కొక పదముగా చదువబడి, పదమున కొక అమినో ఆమ్లము చొప్పున గొలుసు కూర్చబడును. అదియే మాంసకృత్తు. పదములు 64, వాడుకలోని ఆమ్లములు 20. కనుక పెక్కు ఆమ్లములకు ఒకటికి మించిన పదములున్నవి. మూడు పదములు మాత్రము గొలుసు ముగిసినదని తెలుపును. ఈ నిఘంటువును విప్పినందులకు అవిభక్త భారతమున జన్మించిన హరగోవింద ఖొరానా, నీరెన్‌బర్గ్, హాలీలతో కలిసి 1968లో నోబెల్ బహుమానము నందుకొనిరి.

కణము అక్షరములను చూచును గాని, వ్రాసినవా రెవరని విచారింపదు. రెట్రోవైరసునకు కావలసినదియు ఇదే.

ఈ వైరసు జన్యువులు ఆర్.ఎన్.ఏ. రూపమున నుండును. ఆర్.ఎన్.ఏ.ను చూచి డి.ఎన్.ఏ.ను వ్రాయు ఎంజైమును 1970లో హోవర్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ వేర్వేరుగా కనుగొనిరి. దానిపేరు రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్. తెలుగు ఎడమనుండి, ఉర్దూ కుడినుండి సాగునట్లు ఇందు అక్షరముల దిశ మారునని మన విద్యార్థులు భావింపరాదు. తారుమారగునది మూలమునకును నకలుకును గల వరుస. ఇట్లు వ్రాసిన పుట మన క్రోమోజోములోనే కుట్టబడును. ఇక కణము దానిని తన పుటగానే చదివి, వైరసు మాంసకృత్తులను తయారుచేయును. మానవ జన్యురాశిలో సుమారు 8 శాతము ఇట్టి ప్రాచీన వైరసుల అవశేషమే యనిన ఆశ్చర్యము కలుగును.

ఎయిడ్స్ వ్యాధికి కారణమగు హెచ్.ఐ.వి. ఈ జాతిదే. మన దేశమున దీనిని 1986లో మద్రాసున సునీతి సోలోమన్, సెల్లప్పన్ నిర్మల తొలుత గుర్తించిరి. 2004 నుండి ప్రభుత్వము మందుల నుచితముగా ఇచ్చుచున్నది. వీనిలో కొన్ని పై ఎంజైమును అడ్డగించును. కాని ఇదివరకే కుట్టబడిన పుటను ఏ మాత్రయు చింపలేదు. అందుచేత మందు జీవితాంతము వాడవలసినదే. పైగా ఆ ఎంజైము తన తప్పులను దిద్దుకొనదు. మధ్యమధ్య మందు మానినచో, తప్పువ్రాతలతో పుట్టిన వైరసులలో మందుకు లొంగనివి మిగిలి పెరుగును. గులాబీరంగు పురుగు బి.టి. ప్రత్తికి లొంగకుండ పోయిన విధము మన రైతులకు తెలిసినదే కదా!

మందును క్రమము తప్పక వాడి, రక్తపరీక్షలో వైరసు కనబడని స్థితిని నిలుపుకొన్న వారినుండి వారి దంపతులకు సంభోగమువలన ఇది సోకదు. ఒకే పంక్తిని భుజించుటవలన, ఒకే బల్లపై కూర్చుండుటవలన ఇది ఎన్నడును ఎవరికిని సోకదు.