బైబిల్ వ్యాఖ్యానం – బోధ: పాలమూరు పల్లెల నేపథ్యంలో ఒక పరిశీలన

సారాంశం:
బైబిల్‌ను చదివి, అర్థం చేసుకొని, సంఘానికి బోధించడం ఒక భాషా వ్యవహారం కూడా. ప్రాచీన హీబ్రూ, గ్రీకు పాఠాలు గ్రాంథిక తెలుగులోకి వచ్చాయి. ఆ తెలుగు మళ్లీ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెల వాడుకలోకి మారితేనే శ్రోతకు చేరుతుంది. ఈ ప్రయాణంలో అర్థం ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ జారిపోతుందో ‘వాక్యం’ అనే మాట, విత్తువాని ఉపమానం, రూతు గ్రంథం, వ్యాధిని గురించిన బోధ అనే నాలుగు ఉదాహరణల ద్వారా వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: బైబిల్ వ్యాఖ్యానం, ప్రసంగం, పాలమూరు, వలస, పరిగె, పాల్ హీబర్ట్, సందర్భీకరణ.

1. ఉపోద్ఘాతం

2016లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా నుంచి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు ఏర్పడ్డాయి. నిజాం పాలనలో గద్వాల, వనపర్తి సంస్థానాలు. పండిత పోషణ వల్ల గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అనే పేరు వచ్చింది. ఆస్థానాల్లో శ్లోకానికి, పద్యానికి వ్యాఖ్యానం చెప్పే సంప్రదాయం వర్ధిల్లిన ఈ నేలపైనే ఇరవయ్యో శతాబ్ది ఆరంభం నుంచి మరో గ్రంథానికి మరో తరహా వ్యాఖ్యానం మొదలైంది. దానికి వేదిక ఆస్థానం కాదు, పల్లె. శ్రోతల్లో అధికులు అక్షరం రాని వ్యవసాయ కూలీలు.

అమెరికన్ మెన్నోనైట్ బ్రదరెన్ మిషన్ 1899లో హైదరాబాద్ రాజ్యంలో పని ప్రారంభించింది. నాగర్‌కర్నూలు, వనపర్తి దాని ముఖ్య కేంద్రాలయ్యాయి. అమెరికన్ బాప్టిస్టుల చేతిలో ఉన్న గద్వాల క్షేత్రం 1937లో ఈ మిషన్‌కు వచ్చింది. స్థానిక బోధకుల శిక్షణ కోసం 1920లో నాగర్‌కర్నూలులో ఆరంభమైన బైబిల్ పాఠశాల తరువాత శంషాబాద్‌కు మారింది. గ్రంథాన్ని ఎలా చదవాలి, చదివినదాన్ని పల్లెకు ఎలా చెప్పాలి అన్న ప్రశ్న అప్పటి నుంచీ ఈ ప్రాంతపు బోధకుల ముందు ఉంది.

2. ‘వాక్యం’ – ఒక మాట, మూడు అర్థాలు

తెలుగులో సంపూర్ణ బైబిల్ పంతొమ్మిదో శతాబ్ది మధ్యభాగంలో అచ్చయింది. తరువాతి సవరణలతో స్థిరపడిన పాత అనువాదమే నేటికీ ఎక్కువ సంఘాల్లో వినిపిస్తుంది. దాని భాష గ్రాంథికం. ఉర్దూ, కన్నడ పదాలు కలగలసిన పాలమూరు మాటకు అది దూరం. అందువల్ల బోధకుడు రెండు దూరాలను దాటవలసి ఉంటుంది. మొదటిది మూలపాఠపు కాలానికి, తెలుగు అనువాదానికి మధ్య ఉన్న దూరం. రెండవది ఆ అనువాదానికి, శ్రోత వాడుకకు మధ్య ఉన్న దూరం.

ఇందుకు ‘వాక్యం’ అనే మాట మంచి ఉదాహరణ. వ్యాకరణంలో వాక్యం అంటే పూర్తి అర్థాన్నిచ్చే పదసముదాయం. యోహాను సువార్త మొదటి అధ్యాయంలో గ్రీకు ‘లోగోస్’కు ఇదే మాటను వాడారు. అక్కడ అది సృష్టికి ముందే ఉండి, తరువాత శరీరధారి అయిన క్రీస్తును సూచిస్తుంది. సంఘాల వ్యవహారంలో ‘వాక్యం చెప్పడం’ అంటే ప్రసంగించడం. ఈ మూడూ ఒక మాటలో కలిసిపోయినందువల్ల ఒక ప్రమాదం ఉంది. ప్రసంగీకుడు చెప్పినదంతా ‘వాక్యమే’ అని శ్రోత భావించవచ్చు. గ్రంథం చెప్పిందేమిటి, బోధకుడు దానికి చేర్చిందేమిటి అన్న తేడా చెరిగిపోతుంది. వ్యాఖ్యానంలో తొలి క్రమశిక్షణ ఈ తేడాను నిలుపుకోవడమే.

3. విత్తువాని ఉపమానం – గొర్రు, చల్లకం

మత్తయి 13, మార్కు 4, లూకా 8 అధ్యాయాల్లో విత్తువాని ఉపమానం ఉంది. రైతు వేసిన గింజల్లో కొన్ని దారిపక్కన, కొన్ని రాతినేలపై, కొన్ని ముళ్లపొదల్లో, మరికొన్ని మంచి నేలలో పడతాయి. వ్యవసాయం తెలిసిన శ్రోతలకు ఇది సులభంగా అర్థమవుతుందని అనిపిస్తుంది. చిక్కు అక్కడే ఉంది.

ఈ ప్రాంతపు మెట్ట పొలాల్లో జొన్న వంటి పైర్లను సంప్రదాయంగా గొర్రుతో విత్తారు. జడ్డిగంలో పోసిన గింజలు గొట్టాల గుండా సాళ్లలోనే పడతాయి. విత్తడం అంటే గొర్రు తోలడమే అనుకొనే రైతుకు, దారిమీద గింజలు పారేసుకున్నవాడు చేతకాని రైతుగా కనిపిస్తాడు. ఉపమానంలోని రైతు మాత్రం గింజలను చేత్తో చల్లుతున్నాడు. పాలస్తీనాలో ముందు చల్లి తరువాత దున్నే పద్ధతి ఉండేదని కొందరు పండితులు వివరించారు. ఆ పద్ధతిలో గింజలు దారిమీద పడడం నిర్లక్ష్యం కాదు, పనిలో సహజమైన భాగం.

ఈ వివరం తెలిసిన బోధకుడు ‘విత్తడం’ అనే మాటను ‘చల్లడం’గా విప్పి చెబుతాడు. అప్పుడు శ్రోత దృష్టి రైతు తెలివి మీది నుంచి నేల తీరు మీదికి మళ్లుతుంది. ఉపమానానికి సువార్తల్లోనే ఉన్న వివరణ కూడా నేలల భేదం గురించే మాట్లాడుతుంది. శ్రోత అనుభవం పాఠానికి దగ్గరగా ఉన్నట్లు కనిపించిన చోటనే వ్యాఖ్యాత మరింత జాగ్రత్తగా ఉండాలని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

4. రూతు గ్రంథం – కరువు, వలస, పరిగె

పాలమూరు శ్రోతకు రూతు గ్రంథమంత దగ్గరైన బైబిల్ కథ మరొకటి లేదనవచ్చు. బేత్లెహేములో కరువు వస్తుంది. ఎలీమెలెకు భార్యను, ఇద్దరు కొడుకులను తీసుకొని మోయాబుకు వలసపోతాడు. అక్కడే అతడూ, తరువాత కొడుకులూ చనిపోతారు. భార్య నయోమి, మోయాబీయురాలైన కోడలు రూతు తిరిగివస్తారు. కోతకాలంలో రూతు బోయజు పొలంలో పరిగె ఏరుతుంది. కోత తరువాత చేనులో మిగిలిన వెన్నులను ఏరుకోవడానికి తెలుగు రైతు వాడే ‘పరిగె’ అనే మాట ఈ కథలో అనువాదానికి అచ్చంగా అమరింది.

అయితే ఈ కథ మీద తరచుగా వినిపించే ఒక బోధ ఉంది. ఎలీమెలెకు దేవుడిచ్చిన దేశాన్ని విడిచిపోవడం పాపమని, అందుకే ఆ ఇంట మరణాలు సంభవించాయని ఆ బోధ సారాంశం. దీనికి ప్రాచీన యూదు రబ్బీల వ్యాఖ్యానాల్లో మూలాలున్నాయి. కాని గ్రంథపాఠం కరువు వచ్చిందని, కుటుంబం వెళ్లిందని, వారు చనిపోయారని మాత్రమే చెబుతుంది. వలసను మరణాలకు కారణంగా ఎక్కడా పేర్కొనదు. తన దుఃఖాన్ని చెప్పుకొనే నయోమి సైతం దేవుని చెయ్యి తనకు విరోధంగా ఉందని అంటుందే తప్ప, వలసపోయినందుకు శిక్ష పడిందని చెప్పదు.

‘పాలమూరు లేబర్’ అన్న పేరు దేశమంతటా పడిన జిల్లాలో ఈ తేడాకు విలువ ఎక్కువ. కరువుకు ఊరు విడిచి బొంబాయి, పుణె, హైదరాబాద్ నగరాల్లో మట్టి పనులకు, కట్టడాల పనులకు వెళ్లిన కుటుంబాలు సంఘంలో కూర్చుని ఉంటాయి. వలస పాపమని ప్రసంగిస్తే, పని చోట బిడ్డను పోగొట్టుకొని వచ్చిన తల్లి ఆ మరణాన్ని తన నేరంగా మోస్తుంది. గ్రంథం మోపని బరువును వ్యాఖ్యానం మోపినట్లవుతుంది.

గ్రంథాన్ని గ్రంథంతో పోల్చి చదివితే మరో దారి తెరుచుకుంటుంది. లేవీయకాండము 19:9–10, ద్వితీయోపదేశకాండము 24:19–22 భాగాలు పొలం అంచులను పూర్తిగా కోయవద్దని, మరచిన పనను తిరిగి తెచ్చుకోవద్దని, అవి పరదేశికి, తండ్రి లేనివారికి, విధవరాలికి చెందాలని ఆజ్ఞాపిస్తాయి. ఈ శాసనం ప్రకారం పరిగె దయతో వేసే భిక్ష కాదు, పేదకు దక్కవలసిన భాగం. రూతు పరదేశి, విధవరాలు కూడా. ఇలా చదివినప్పుడు కథ వలసపోయినవారిని నిందించదు. వలస వచ్చినవారి పట్ల పొలం యజమాని బాధ్యతను ప్రశ్నిస్తుంది.

5. వ్యాధి, దేవత, ప్రార్థన – హీబర్ట్ పరిశీలన

వ్యాధి విషయంలోనూ ఇదే చిక్కు ఎదురవుతుంది. దీన్ని సిద్ధాంతపరంగా చర్చించిన మానవశాస్త్రవేత్త పాల్ హీబర్ట్ (1932–2007) శంషాబాద్‌లో మిషనరీ కుటుంబంలో జన్మించారు. మహబూబ్‌నగర్ ప్రాంతంలో పనిచేసి, ఒక పల్లె సామాజిక నిర్మాణంపై ‘కొండూరు’ అనే గ్రంథాన్ని 1971లో వెలువరించారు.

ఆయన రచనల్లో ఒక ఘటన ప్రసిద్ధం. ఒక పల్లెలో మశూచి సోకుతుంది. ఊరి పెద్దలు మైసమ్మకు దున్నపోతును బలి ఇవ్వడానికి చందాలు వసూలు చేస్తారు. క్రైస్తవులు నిరాకరిస్తారు. వారి ఇంటి పిల్లకే వ్యాధి వస్తుంది. సంఘపెద్ద ప్రార్థన కోరుతూ వస్తాడు. పిల్ల బతకదు. కాని పునరుత్థాన నిరీక్షణతో సంఘం జరిపిన అంత్యక్రియలు ఊరిని ఆలోచింపజేశాయని ఆ పెద్దే తరువాత చెబుతాడు.

ఇలాంటి అనుభవాల నుంచి హీబర్ట్ 1982లో ఒక వాదన ప్రతిపాదించారు. పాశ్చాత్య శిక్షణ పొందిన బోధకులకు పైన దేవుడు, మోక్షం ఉంటాయి. కింద వైద్యం, విజ్ఞానం ఉంటాయి. గ్రామదేవత, దిష్టి, శాపం వంటి మధ్య అంతరువు వారి ఆలోచనలో లేదు. పల్లె ప్రశ్నలు మాత్రం ఎక్కువగా అక్కడి నుంచే పుడతాయి. బోధకుడు జవాబివ్వకపోతే శ్రోత పాత జవాబు దగ్గరకే వెళ్తాడు. తొందరపడి జవాబిస్తే, విశ్వాసం లేనందువల్లే వ్యాధి వచ్చిందనే తీర్పు వెలువడుతుంది. యోహాను 9లో పుట్టుగుడ్డివాని విషయంలో ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగినప్పుడు యేసు ఆ లెక్కనే తోసిపుచ్చాడు. యోబు గ్రంథం చివర అలాంటి తీర్పు చెప్పిన మిత్రులనే దేవుడు తప్పుపడతాడు.

6. బోధకు ఒక క్రమం

హీబర్ట్ ‘విమర్శనాత్మక సందర్భీకరణ’ పేరుతో నాలుగు దశలు సూచించారు. మొదట స్థానిక ఆచారాన్ని తీర్పు చెప్పకుండా అర్థం చేసుకోవాలి. రెండవది, ఆ విషయంపై గ్రంథాన్ని దాని సందర్భంలో చదవాలి. మూడవది, ఆ వెలుగులో సంఘమే తన ఆచారాన్ని పరీక్షించుకోవాలి. నాలుగవది, తగిన కొత్త ఆచరణను రూపొందించుకోవాలి. మూడవ దశలో నిర్ణయం బోధకునిది కాదు, సంఘానిది. గొర్రు తోలినవారు, పరిగె ఏరినవారు, వలసపోయి వచ్చినవారు ఈ దశలో వ్యాఖ్యానంలో భాగస్వాములవుతారు.

ప్రసంగ తయారీకి అన్వయిస్తే ఈ క్రమం మూడు ప్రశ్నలుగా కుదురుతుంది. పాఠం ఏమి చెప్పింది, ఏమి చెప్పలేదు? ఇక్కడి తెలుగు మాట శ్రోత మనసులో ఏ బొమ్మను లేపుతుంది? ఈ మాట విన్న తరువాత సంఘంలోని అత్యంత బలహీనుడు ఏమి మోసుకొని ఇంటికి వెళ్తాడు?

7. ముగింపు

గ్రాంథిక పాఠాన్ని పాలమూరు మాటలో చెప్పడం వ్యాఖ్యానంలో సగం పని మాత్రమే. మూలపాఠం మౌనంగా ఉన్నచోట తానూ మౌనంగా ఉండడం మిగిలిన సగం. ‘వాక్యం’ అనే మాటకు ఉన్న గౌరవం వల్ల బోధకుని ఊహకు సైతం గ్రంథంతో సమానమైన అధికారం లభిస్తుంది. కాబట్టి ఎలీమెలెకు మరణానికి గ్రంథం చెప్పని కారణాన్ని బోధకుడు చెప్పకుండా ఆగడం, వలస నుంచి తిరిగివచ్చిన కుటుంబానికి అతడు చేయగల మేలు. కారణం చెప్పకుండా వదిలిన ఆ కథే బోయజు పొలం గురించి, పరిగె గురించి విశదంగా మాట్లాడుతుంది. బోధకుడు ఎక్కువసేపు నిలవవలసిన చోటు కూడా అదే.