ఇల్లంత బండి... పెట్రోలా, డీజిలా?

సినిమా షూటింగుల్లో తారల కోసం నిలిపి ఉంచే క్యారవాన్ మనందరికీ తెలిసిందే. అమెరికాలో అలాంటి బండిని మామూలు సంసారులే కొనుక్కుంటారు. వంటగట్టు, మంచం, స్నానాలగది అన్నీ అందులోనే. పిల్లల చదువులూ పెళ్లిళ్లూ అయిపోయాక దేశం చూడ్డానికి దంపతులు బయల్దేరే చక్రాల ఇల్లది. కొత్తది కొనాలంటే ధర లక్ష డాలర్లు ఎప్పుడో దాటిపోయింది. అందుకే చాలామంది ఇరవై, పాతికేళ్ల నాటి సెకండ్ హ్యాండ్ మోటార్‌హోమ్ కోసం వెతుకుతారు. వెతకడం మొదలెట్టిన రోజే ఎదురయ్యే ప్రశ్న: గ్యాసా, డీజిలా?

ఈ గ్యాస్ మన సిలిండర్ గ్యాస్ కాదు. పెట్రోలును అక్కడ గ్యాసొలీన్ అంటారు, వాడుకలో అది గ్యాస్ అయింది. పొయ్యికీ ఫ్రిజ్‌కీ ప్రొపేన్ ట్యాంకు విడిగా ఉంటుంది.

మా బావ డాలస్‌లో ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. అరిజోనాలో ఫీనిక్స్ శివార్లలో రెండు పాత బండ్లు ఉన్నాయని తెలిసి అక్కనూ నన్నూ వెంటబెట్టుకెళ్లాడు. దారి పొడవునా ఒకటే మాట. "డీజిలే తీసుకుందాం రా. మన లారీలు చూడు, ఎన్ని లక్షల కిలోమీటర్లు తిరుగుతాయో!"

ఆ మాటలో నిజముంది. కానీ లారీ రోజూ తిరుగుతుంది. మోటార్‌హోమ్ ఏడాదిలో పది నెలలు షెడ్డులో నిలబడుతుంది. పాత బండి విషయంలో నేను అన్నిటికంటే భయపడేది ఆ నిలబడ్డ కాలానికే.

మొదట చూసింది డీజిల్ బండి. 2000 మోడల్, 36 అడుగులు, ఇంజిన్ వెనకాల ఉండే రకం. రీడింగు 41 వేల మైళ్లే. బావ కళ్లు మెరిశాయి. నేను టైరు పక్కన మోకాళ్ల మీద కూర్చుని గుడ్డతో దుమ్ము తుడిచాను. అమెరికాలో టైరు గోడ మీద డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అక్కడ 2214 అని ఉంది. అంటే 2014లో 22వ వారం. పదేళ్లు దాటాయి. గాట్లు కొత్తవాటిలా లోతుగా ఉన్నాయి, కానీ అంచు పొడవునా ఎండిన చెరువు మట్టిలా సన్నని బీటలు. ఆరు టైర్లూ అంతే. తిరక్కుండానే ముసలివైపోయాయి. ఈ సైజు టైర్లు ఆరూ మార్చాలంటే వేల డాలర్లు.

తర్వాత వెనక తలుపెత్తి టార్చి వేశాం. ఇలాంటి చాలా బండ్లలో ఇంజిన్ ఆవిరి బయటికి పోయే గొట్టం నుంచి నూనె తుంపర ఎగిరి వెనకున్న రేడియేటర్ మీద పడుతుంది. రోడ్డు దుమ్ము దాని మీద పేరుకుని పెనం మీద మాడిన అట్టులా గట్టిపడుతుంది. గాలి ఆడదు. చల్లగా ఉన్న యార్డులో ఎంతసేపు స్టార్ట్ చేసి ఉంచినా తెలియదు. ఎండలో ఎత్తు ఎక్కితే ముల్లు ఎరుపులోకి పోతుంది. నేను వేలు పెట్టి గీరితే నల్లటి ముద్ద గోటికి అంటుకొచ్చింది.

ఎయిర్ బ్రేకులు ఒక్క నిమిషంలో చూసుకోవచ్చు. చక్రాలకు అడ్డం పెట్టి, గాలి నిండాక ఇంజిన్ ఆపి, బ్రేకు తొక్కిపట్టాలి. నిమిషానికి ముల్లు మూడు పౌండ్లకు మించి పడకూడదు. ఈ బండి అందులో నెగ్గింది. ఇంజిన్ అయిదు లీటర్ల తొమ్మిదొందల కమిన్స్, మంచి పేరున్నదే. అయితే 1990ల చివర్లో మొదలై కొన్నాళ్లపాటు వచ్చిన ఈ రకం ఇంజిన్లలో దిమ్మ మీద 53 అంకె పోతపోసి ఉంటే పగుళ్ల బెడద ఉంటుంది. కొనేముందు కిందికి దూరి ఆ అంకె చూసుకోవాలి. మరో మాట, 2007 తర్వాతి డీజిళ్లలో మసి వడపోత, 2010 తర్వాతివాటిలో యూరియా ద్రవం వచ్చి చేరాయి. వాటి బాధ లేదు కాబట్టి అంతకు ముందరి డీజిలంటే నాకూ ఇష్టమే.

ఇక ఖర్చు. మన దగ్గర డీజిల్ చౌక. అక్కడ తిరగబడుతుంది. కేంద్ర పన్నే గ్యాలన్ పెట్రోలుకు 18.4 సెంట్లు, డీజిల్‌కు 24.4 సెంట్లు. ఇంత బరువైన బండి పెట్రోలుదైతే గ్యాలన్‌కు ఏడు మైళ్లు, డీజిల్‌దైతే తొమ్మిది ఇస్తుందనుకుందాం. మన లెక్కలో లీటరుకు మూడు కిలోమీటర్లు, నాలుగుకు కాస్త తక్కువ. ఏడాదికి 5,000 మైళ్లు తిరిగితే 714 గ్యాలన్ల పెట్రోలు, లేదా 556 గ్యాలన్ల డీజిల్. పెట్రోలు 3 డాలర్లు, డీజిల్ 3.60 అయితే తేడా 140 డాలర్లు. ఆ మిగులు ఆయిల్ మార్పుకే చాలదు. పెట్రోలు ఇంజిన్‌కు ఆరు లీటర్ల లోపు ఆయిల్ చాలు, కమిన్స్‌కు దాదాపు పదిహేను కావాలి. దానికితోడు డీజిల్ ఫిల్టర్లు, ఎయిర్ డ్రయర్. పైగా పెట్రోలు బండిని దారిలో ఏ చిన్న ఊరి మెకానిక్కైనా విప్పుతాడు, దీనికి లారీల షెడ్డు వెతుక్కోవాలి.

డీజిల్ గెలిచేది కొండల్లోనే, అదీ తిరుగులేకుండా. కొలరాడోలో ఐసెన్‌హోవర్ టన్నెల్ 3,400 మీటర్ల ఎత్తున ఉంది. టర్బో లేని పెట్రోలు ఇంజిన్ ఆ పలచని గాలిలో సుమారు మూడోవంతు శక్తి కోల్పోతుంది. సీట్ల మధ్యే ఇంజిన్ కాబట్టి నిమిషానికి 4,000 చుట్లు దాటాక పక్కవాళ్ల మాట వినపడదు. డీజిల్ 1,600 చుట్ల దగ్గరే బరువు లాగేస్తుంది, హోరంతా వెనకే ఉండిపోతుంది. దిగేటప్పుడు పొగ గొట్టాన్ని నొక్కి వేగం ఆపే ఎగ్జాస్ట్ బ్రేకు సాయముంటుంది. పెట్రోలు బండివాళ్లు మన ఘాట్ రోడ్డు డ్రైవర్లు చెప్పేదే పాటించాలి, ఎక్కిన గేరులోనే దిగాలి.

ఆ కొండల సంగతి చెప్పి బావ మళ్లీ డీజిల్ వైపే మొగ్గాడు. ఈలోగా అక్క లోపల మంచం మీదికెక్కి తలాపి గోడను వేళ్లతో నొక్కుతూ ఉంది. "ఇటు రారా, ఇది మెత్తగా ఉందేంటి?" అంది. మూలన చెక్క తడిసిన రొట్టెలా లోపలికి పోయింది. బయటికొచ్చి ఏటవాలు ఎండలో పక్క గోడ వెంట చూస్తే పైపొర ఉబ్బి కనిపించింది. పైకప్పు అతుకు నుంచి ఏళ్ల తరబడి నీళ్లు దిగాయి. ఇంజిన్‌ను బాగుచేసుకోవచ్చు. ఇలా కుళ్లిన ఇంటిని బాగుచేయాలంటే బండి ధరే అవుతుంది.

రెండోది 2001 పెట్రోలు బండి, 32 అడుగులు, ఫోర్డ్ చట్రం మీద పది సిలిండర్ల ఇంజిన్. రీడింగు 78 వేలు. యజమాని ఒక ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఏటా మార్చిన ఆయిల్ బిల్లులు, మూడేళ్ల కిందటి టైర్ల రసీదు, నెలనెలా జనరేటర్ నడిపిన గంటల చిట్టా. ఈ ఇంజిన్‌కూ ఒక రోగముంది. తొలి రకాల్లో స్పార్క్ ప్లగ్గుకు మరలు తక్కువ, వదులైతే ఎగిరి బయటపడుతుంది. ఎగ్జాస్ట్ బోల్టులు తుప్పుపట్టి విరుగుతాయి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి టిక్ టిక్ చప్పుడుందేమో విన్నాం. లేదు. ఎక్కడ నొక్కినా గోడ గట్టిగా ఉంది.

ఏడాదికి రెండు మూడు ప్రయాణాలు చేసే మనవాళ్లకు నేను పెట్రోలే చెబుతాను. ఇల్లు అమ్ముకుని ఏళ్ల తరబడి బండిలోనే బతుకుతూ కొండలెక్కే వాళ్లయితే డీజిల్ కొనాలి. 30, 40 డాలర్లిస్తే ఇంజిన్ ఆయిల్‌ను పరీక్షించి లోపలి అరుగుదల చెప్పే ల్యాబులున్నాయి. ఆ కాగితం చేతికొచ్చాకే డబ్బు కట్టాలి.

బావ పెట్రోలు బండే కొన్నాడు. జూలైలో డెన్వర్ నుంచి టన్నెల్ ఎక్కుతూ అక్క ఫోన్ చేసింది. కుడి లేన్‌లో, లారీల వెనక, గంటకు 35 మైళ్లట. ఆ తర్వాత ఇంజిన్ హోరు తప్ప ఒక్క మాటా వినపడలేదు. గంటకు మళ్లీ మోగింది. అవతల డిల్లన్ చెరువు దగ్గర ఆపి, పొయ్యి మీద టీ పెట్టిందట. ఈసారి నీళ్లు మరిగే చప్పుడు కూడా వినిపించింది.