అయిదు ఓట్ల మెజారిటీ.. ప్రొటీన్ గుట్టు

బెంగళూరు: లక్ష ఓట్లు పోలైన చోట అభ్యర్థికి 5 ఓట్ల మెజారిటీ వస్తే ఏమంటాం? ‘బొటాబొటిగా గట్టెక్కాడు’ అంటాం. ఎదుటివాళ్లు రీకౌంటింగ్ అడుగుతారు. ప్రొటీన్ల రూపురేఖలు తేల్చే ఎన్ఎంఆర్ యంత్రం మాత్రం రోజూ ఇలాంటి మెజారిటీ మీదే నడుస్తుంది. ఆ బలహీనమైన సంకేతాన్ని స్పష్టంగా వినడానికే శాస్త్రవేత్తలు ఆరు దశాబ్దాలకు పైగా తంటాలు పడుతున్నారు.

ఎందుకింత బలహీనం?

ఆసుపత్రుల్లో ఎంఆర్ఐ స్కానింగ్ అందరికీ తెలిసిందే. ఎన్ఎంఆర్‌దీ అదే సూత్రం. హైడ్రోజన్ కేంద్రకం ఓ బుల్లి అయస్కాంతం. పెద్ద అయస్కాంతంలో పెడితే కొన్ని కేంద్రకాలు దాని వైపు, కొన్ని ఎదురుగా నిలుస్తాయి. మామూలు గది వేడి చాలు, ఈ వరస చెదిరిపోవడానికి. 600 మెగాహెర్ట్జ్ యంత్రంలో అయస్కాంత బలం 14.1 టెస్లా. స్కానింగ్ సెంటర్లలో ఎక్కువగా ఉండేవి 1.5, 3 టెస్లా యంత్రాలే. అంత బలమున్నా లక్ష హైడ్రోజన్ కేంద్రకాల్లో రెండు వర్గాల మధ్య తేడా సుమారు 5 మాత్రమే. మిగతావన్నీ ఒకదానికొకటి చెల్లు. వినబడేది ఆ అయిదింటి గొంతే. దానికి తోడు యంత్రం చేసే రొద ఒకటి!

ప్రొటీన్ ఆగదు

మళ్లీ మళ్లీ కొలిచి కలుపుకుంటే సరిపోతుంది కదా? పోతుంది గానీ లెక్క చాలా కఠినం. స్పష్టత రెట్టింపు కావాలంటే 4 రెట్ల సమయం కావాలి. పది రెట్లు కావాలంటే 100 రెట్లు. ఒక్క రోజు ప్రయోగం మూడు నెలలు దాటుతుంది. అన్నాళ్లు ప్రొటీన్ ఊరుకోదు. కొన్ని నాలుగైదు రోజులకే గడ్డకట్టి గాజు గొట్టం అడుగున పేరుకుంటాయి. కొన్ని ముక్కలైపోతాయి. వారాల తరబడి శుద్ధి చేసిన విద్యార్థి కష్టం బూడిదలో పోసిన పన్నీరే. పైగా యంత్రం దొరకడం కూడా వంతుల మీదే. అందుకే ఇక్కడ స్పష్టత అంటే సోకు కాదు. ఏ ప్రొటీన్‌ను చదవగలం, దేన్ని వదిలేయాలి అన్నది తేల్చేది అదే.

మనవాళ్ల పాత్ర

ఈ కథలో బెంగళూరుకు పాత చోటే ఉంది. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో జి.సూర్యన్ 1951లోనే పారే ద్రవాల్లో ఎన్ఎంఆర్ సంకేతంపై పరిశోధన ప్రచురించారు. ద్రవం పారుతుంటే కొత్త కేంద్రకాలు వచ్చి చేరతాయి, సంకేతం పెరుగుతుంది. 1960ల్లో అమెరికాలో రిచర్డ్ ఎర్నెస్ట్, వెస్టన్ ఆండర్సన్ పెద్ద మలుపు తెచ్చారు. ఒక్కో గంటను విడిగా మోగించి వినడం మాని, అన్నింటినీ ఒకేసారి మోగించి ఏ మోత దేనిదో గణితంతో విడదీశారు. దాంతో సమయం ఎంతో ఆదా అయింది. ఎర్నెస్ట్‌కు 1991లో నోబెల్ వచ్చింది. బెంగళూరు శాస్త్రవేత్త అనిల్ కుమార్ 1980లో జ్యూరిక్‌లో ఎర్నెస్ట్, కర్ట్ వుత్రిక్‌లతో కలిసి, ప్రొటీన్‌లో ఏ హైడ్రోజన్‌కు ఏది దగ్గరో పట్టిచ్చే పద్ధతిని రూపొందించారు. వుత్రిక్‌కు 2002లో నోబెల్ దక్కింది.

చల్లబరిస్తే చాలు!

సంకేతాన్ని పట్టే తీగచుట్టలో ఎలక్ట్రాన్లు వేడికి కదులుతూ రొద చేస్తాయి. ఆ చుట్టను చల్లటి హీలియం వాయువుతో దాదాపు మైనస్ 253 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరిస్తే రొద తగ్గుతుంది. ఇదే క్రయోప్రోబ్. పక్కనే ఉన్న ప్రొటీన్ మాత్రం గది వేడిలోనే ఉంటుంది. స్పష్టత 3 నుంచి 4 రెట్లు పెరుగుతుంది. నాలుగు రెట్లంటే 16 రోజుల పని ఒక్క రోజులో అయిపోయినట్టే.

ఇంకో ఉపాయం చేబదులు లాంటిది. నైట్రోజన్ సంకేతం మరీ పేలవం. అందుకని హైడ్రోజన్ బలాన్ని దానికి అప్పిచ్చి, కొలిచేటప్పుడు మళ్లీ హైడ్రోజన్‌కే తిప్పుతారు. ఇందుకోసం బ్యాక్టీరియాను నైట్రోజన్-15 ఉన్న లవణంతో పెంచి, వాటితోనే ప్రొటీన్ తయారు చేయిస్తారు. భారీ ప్రొటీన్ల కోసం 1997లో వుత్రిక్ బృందం ‘ట్రోసీ’ పద్ధతి తెచ్చింది. అయస్కాంతాలూ పెరుగుతున్నాయి. 1.2 గిగాహెర్ట్జ్ యంత్రం 2020లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌కు చేరింది.

ఉప్పు ఎక్కువైతే..

అంత ఖరీదైన క్రయోప్రోబ్‌నూ ఓ చిటికెడు ఉప్పు దెబ్బతీస్తుంది. ఉప్పునీరు కరెంటును పారనిస్తుంది కాబట్టి వచ్చిన లాభం చాలావరకు హరించుకుపోతుంది. ప్రొటీన్ తట్టుకున్నంత మేర ఉప్పు తగ్గించడం, సన్నని గొట్టం వాడటం ఖర్చు లేని వైద్యాలు.

తెలుగువాళ్లు తరాలుగా స్థిరపడిన ఒడిశాలోని బరంపురంలో 2016లో ఐసర్ మొదలైంది. దాని తొలి డైరెక్టర్ కె.వి.ఆర్.చారి ముంబయి టీఐఎఫ్ఆర్‌లో ప్రొటీన్ల ఎన్ఎంఆర్ పైనే ఏళ్ల తరబడి పనిచేశారు. సరిహద్దు ఊళ్ల పిల్లలకు ఈ చదువు ఇప్పుడు మరీ దూరం కాదు. పెద్ద యంత్రం లేదని దిగులు పడేకంటే ముందు గొట్టంలో ఏముందో చూసుకోవడం మేలు. 5 ఓట్లతో గెలిచినా గెలుపే. లెక్కపెట్టేటప్పుడు రొద లేకుండా చూసుకోవాలంతే.