కొత్వాల్‌గూడనుండి నేపాళమునకు బస్సు ప్రయాణము

మా తరగతి బాలుడొకడు మొన్న పాఠము ముగిసిన పిమ్మట నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ! మా నాయనమ్మ ఆషాఢమాసములో బస్సెక్కి నేపాళమునకు బోవుచున్నది. అచ్చట బస్సులు నదిలో బడునట గదా! ఆమె మరలి వచ్చునా?" అని యడిగెను. వాని యిల్లు కొత్వాల్‌గూడ. 2008వ సంవత్సరమున తెరువబడిన శంషాబాదు విమానాశ్రయమున కది మిక్కిలి చేరువ. ఇంటిచెంతనే విమానములుండగా వృద్ధురాలు దినములతరబడి బస్సులో నేల కూర్చుండవలయునని చదువరులకు దోచవచ్చును. ధన మొక కారణమే. కాని ముఖ్యకారణము దారి. ప్రయాగ, కాశి మొదలగునవి యన్నియు నీ దారిలోనే తగులును. ఊరివారందరు నొక్క కుటుంబమువలె పోవుదురు. వంటవారు, బియ్యపు బస్తాలు, పొయ్యి, ఊరగాయ జాడీలు బస్సుతోనే సాగును.

ఈ దారి క్రొత్తది కాదు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే 18వ తేదీన పల్లకిలో బయలుదేరి, హైదరాబాదు, నిర్మల, నాగపురము, జబ్బలుపురము, ప్రయాగల మీదుగా కాశిని జేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీకి మరల నిల్లు చేరిరి. నేటి బస్సును హైదరాబాదునుండి ప్రయాగవరకు చాలమట్టుకు వారి జాడనే పోవును. ఆయనకు పదునైదు మాసములు పట్టిన యాత్ర మనవారికి పక్షము మూడువారములలో ముగియుచున్నది. ప్రయాగ, కాశి, గోరఖ్‌పూరులు గడచి సునౌలీ యను సరిహద్దు పట్టణమును జేరుటకు 1,500 కిలోమీటర్లకు పైబడిన దారి.

సునౌలీలో భారతీయులకు వీసా యక్కరలేదు. రెండు దేశములకును 1950 జూలై 31న జరిగిన సంధి యిరువురి ప్రజలకు రాకపోకల స్వేచ్ఛ నిచ్చినది. అయినను పాస్‌పోర్టుగాని, ఎన్నికల సంఘమువారి గుర్తింపు కార్డుగాని దగ్గర నుంచుకొనవలయును. పదునైదేండ్లు దాటి పదునెనిమిది నిండని విద్యార్థులకు పాఠశాల ప్రధానాచార్యులు నిర్ణీతరూపమున నిచ్చు పత్రము చెల్లును. బస్సునకు మాత్రము 'భన్సార్' అని యచ్చటివారు పిలుచు సుంకపుశాలలో దినముల లెక్కను రుసుము చెల్లించి యనుమతి పొందవలయును; గడువు మీరినచో జరిమానా పడును. మన నూరు రూపాయలు వారి నూటయరువది రూపాయలకు సమానము. ఈ లెక్క 1993 నుండి మారలేదు. వారి గడియారము మనదానికంటె పదునైదు నిమిషములు ముందుండును.

ఇక బాలుని ప్రశ్న. నేపాళపు కొండదారులు పూర్వము లేనేలేవు. 1956లో భారతదేశ సహాయమున త్రిభువన రాజపథము పూర్తియగువరకు కాఠ్మాండూలోని కార్లను కూలీలు కొండలమీదుగా మోసికొనిపోవలసినదే! చక్రముల బండిని మనుష్యులు మోయుట విన మన పిల్లలకు నవ్వు వచ్చును. మోసినవారి భుజములకు వచ్చియుండదు. ఇప్పటి బాటలు కొండవాలును ద్రవ్వి వేసినవి. ఒకప్రక్క నిటారు కొండ, ఒకప్రక్క లోతైన నది. వానకాలమున నీరింకి మట్టి బరువెక్కి, పట్టు విడిచి, రాళ్లతో గూడ క్రిందికి జారును. 2024 జూలై 12న చిత్వన్ జిల్లాలోని సిమల్‌తాల్‌వద్ద నిట్లే కొండచరియ విరిగిపడి, రెండు బస్సులు త్రిశూలీనదిలో గొట్టుకొనిపోయినవి. బాలుడు విన్నది యబద్ధము కాదు.

వానలొక్కటే గాక, మైదానమున నేర్పరియైన డ్రైవరు సయితము కొండ దిగునపుడు బ్రేకు నదేపనిగా ద్రొక్కినచో నది వేడెక్కి పట్టు తప్పును. తక్కువ గేరులో, ఇంజను పట్టుమీదనే దిగుట యెరిగినవాడు కావలయును. ఇద్దరు డ్రైవర్లు లేని బస్సు, రాత్రివేళ కొండయెక్కు బస్సు, ఎంత చౌకయైనను విడువదగినది. బేరమాడు పెద్దలు తలగడలు, టీవీలు ఎన్నియని యడుగుదురు గాని డ్రైవర్లెందరని యడుగరు.

ముక్తినాథము పోవువారికి మరియొక జాగ్రత్త. అది సముద్రమట్టమునకు 3,700 మీటర్ల యెత్తుననున్నది. ఒక్క శ్వాసలో లభించు ప్రాణవాయువు సముద్రతీరమున లభించుదానిలో మూడింట రెండువంతులకంటె కొంచెము తక్కువ. తలనొప్పి, వికారము, ఆయాసము కలిగినచో పట్టుదలకు బోక వెంటనే క్రిందికి దిగవలయును. గుండెజబ్బు, రక్తపుపోటు గలవారు ముందుగా వైద్యుని యనుమతి గొనవలయును.

ఈ సంగతులన్నియు కాగితముపై వ్రాసి బాలుని చేతికిచ్చి, ప్రయాణము మానుమనలేదు, ఆషాఢము మాత్రము వలదంటిని. మరునాడు వాని తండ్రి స్వయముగా బడికి వచ్చెను. బయానా యిచ్చివేసితిమి, తేదీ మార్చిన కొంత పోవునని సణిగెను. నాయనమ్మ మాత్రము, "పోతే పోనీ, కార్తీకములోనే పోదాం" అన్నదట. వైద్యుడు చూచెను. రెండవ డ్రైవరు కుదిరెను. దీపావళి వెళ్లిన పదవనాడు తెల్లవారుజామున, ఔటర్ రింగురోడ్డు ప్రక్కన బస్సు నిలిచియుండగా, బాలుడు తన చేతి గడియారమును విప్పి, ముల్లును పదునైదు నిమిషములు ముందునకు ద్రిప్పి, నాయనమ్మ చేతికి గట్టెను.