ప్లాన్ పెంచినా వెనక బెడ్‌రూమ్‌కి వైఫై రావట్లేదా? ముందు రూటర్ ఎక్కడుందో చూడండి

హైదరాబాద్: హాల్లో కూర్చున్నంతసేపు వీడియోలు బాగానే నడుస్తాయి. వెనక బెడ్‌రూమ్‌లోకి వెళ్తే చాలు, తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. సౌదీ నుంచి అబ్బా చేసిన వీడియో కాల్ "ఆవాజ్ ఆరీ? ఆవాజ్ ఆరీ?" దగ్గరే అయిపోతుంది. సీఏ ఆన్‌లైన్ క్లాసులు వినే అమ్మాయి పుస్తకాలన్నీ పట్టుకొచ్చి మెయిన్ డోర్ పక్కన, చెప్పుల స్టాండ్ దగ్గర కూర్చుంటుంది, రూటర్ అక్కడుంది కాబట్టి. ఖైరతాబాద్, సోమాజిగూడ, పంజాగుట్ట, అమీర్‌పేట్ అపార్ట్‌మెంట్లలో ఇది చాలా కుటుంబాలకు తెలిసిన తిప్పలే.

ఇలాంటప్పుడు ఎక్కువ మంది చేసే పని ప్లాన్ పెంచుకోవడం. నెలకి 300 రూపాయలు ఎక్కువ పెట్టారనుకోండి. 18 శాతం జీఎస్టీ కలిపితే 354. ఏడాదికి 4,248 రూపాయలు. ఇంత పెట్టాక కూడా వెనక గదిలో చక్రం తిరుగుతూనే ఉంటే? ట్యాంకు నిండా నీళ్లున్నా నల్లాలో చెత్త అడ్డుపడితే బిందె నిండదు కదా, ఇదీ అంతే. ఒక హెచ్‌డీ సినిమాకి 5 ఎంబీపీఎస్ సరిపోతుంది, వీడియో కాల్‌కి అంతకన్నా తక్కువే చాలు. అంటే ఐదారుగురున్న ఇంటికి 100 ఎంబీపీఎస్ ప్లాన్ తక్కువేం కాదు. అది గదిదాకా చేరడమే అసలు సమస్య.

కాబట్టి ముందు తప్పు లైన్‌లో ఉందా, ఇంట్లో ఉందా తేల్చుకోవాలి. ల్యాప్‌టాప్ ఉంటే రూటర్‌కి ల్యాన్ కేబుల్‌తో కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి. లేకపోతే ఫోన్ పట్టుకుని రూటర్‌కి రెండు మూడు అడుగుల దూరంలో నిలబడి చేయండి. తర్వాత అదే ఫోన్‌తో వెనక గదిలో చేయండి. రూటర్ దగ్గర 90 వచ్చి, గదిలో 5 వస్తే కంపెనీ లైన్ బాగానే ఉన్నట్టు, తప్పు ఇంట్లోనే. రూటర్ దగ్గరే 10 వస్తుంటే మాత్రం అది కంపెనీ పని. రాత్రి పూట మాత్రమే పడిపోతుంటే అదీ బయటి రద్దీయే. రెండు మూడు రోజులు, వేర్వేరు టైముల్లో చూసి రాసిపెట్టుకోండి.

ఇక ఇంట్లో సంగతి. ఫైబర్ వైరు మెట్ల వైపు నుంచి వస్తుంది. టెక్నీషియన్‌కి పని త్వరగా అయిపోవాలి, ఇంటివాళ్లకు వైరు కనబడకూడదు. ఇద్దరికీ కుదిరే చోటు మెయిన్ డోర్ పైన మూల! అక్కడి నుంచి సిగ్నల్ సగం లిఫ్ట్ వైపు, పక్క ఫ్లాట్ వైపు పోతుంది. మిగతా సగం హాలు దాటి, వంటిల్లు దాటి, బాత్‌రూమ్ గోడ దాటి వెనక బెడ్‌రూమ్‌కి రావాలి. మామూలు ఇటుక గోడ సిగ్నల్‌ని కొంత తగ్గిస్తుంది. కాంక్రీట్ పిల్లర్లు, నీళ్లు, ఇనుము ఇంకా ఎక్కువ ఆపేస్తాయి. అమ్మీ పెళ్లినాటి స్టీల్ బీరువా రూటర్‌కీ మంచానికీ మధ్యన ఉందేమో చూస్కోండి. పెద్ద అద్దం, ఫ్రిజ్, చేపల ట్యాంకు కూడా అలాంటివే. అందంగా ఉంటుందని రూటర్‌ని టీవీ వెనక దాచేవాళ్లూ ఉన్నారు. అదీ వద్దు.

రూటర్ ఇంటి మధ్యలో, ఐదారు అడుగుల ఎత్తులో, చుట్టూ ఖాళీగా ఉండాలి. బయట యాంటెనాలు ఉంటే నిటారుగా నిలబెట్టండి. సిగ్నల్ యాంటెనా కొన నుంచి రాదు, దాని పక్కలకు చుట్టూరా వ్యాపిస్తుంది. చాలామంది దాన్ని తుపాకీలా బెడ్‌రూమ్ వైపు గురిపెడతారు. అలా పెడితే ఆ గదికే సిగ్నల్ తగ్గుతుంది.

ఫైబర్ వైరుని మాత్రం సొంతంగా లాగొద్దు. అందులో ఉండేది సన్నటి గాజు తీగ, గట్టిగా వంచితే పని చెడుతుంది. వైరు పొడవు చాలకపోతే ఆ డబ్బాని అక్కడే ఉంచి, దాన్నుంచి ఒక క్యాట్ 6 ల్యాన్ కేబుల్ ఇంటి మధ్యకు తెచ్చి అక్కడ ఇంకో రూటర్ పెట్టుకోవచ్చు. ఈ కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది, ఏ ఫ్లాట్‌కైనా చాలు. అద్దె ఇల్లయితే గోడకు రంధ్రాలు కొట్టే ముందు ఓనర్‌ని అడగాలి. వద్దంటే గోడ అడుగున టైల్స్ అంచు వెంట క్లిప్పులతో తీసుకెళ్లొచ్చు.

ఫోన్‌లో మీ వైఫై రెండు పేర్లతో కనిపించొచ్చు, ఒకదాని చివర "5జీ" అని ఉంటుంది. సిమ్ కార్డు 5జీకీ దీనికీ సంబంధం లేదు. ఇది 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్, ఇంకోటి 2.4 గిగాహెర్ట్జ్. 2.4 గోడల్ని కాస్త మేలుగా దాటుతుంది, కానీ అక్కడ రద్దీ ఎక్కువ. మొత్తం వెడల్పు 83.5 మెగాహెర్ట్జ్ మాత్రమే, ఒకదానికొకటి అడ్డుపడకుండా వాడుకోగల చానళ్లు 1, 6, 11 మూడే. అమీర్‌పేట్‌లో హాస్టళ్లు, కోచింగ్ సెంటర్ల మధ్య ఇల్లుంటే ఫోన్ తెరిచి చూడండి, ఎన్ని వైఫై పేర్లు వరుసకడతాయో! అందరూ ఆ మూడింట్లోనే తోసుకుంటున్నారు. పైగా మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఈ తరంగాల దగ్గరే పనిచేస్తుంది. ఇఫ్తార్ ముందు సమోసాలు వేడిచేస్తుంటే వీడియో ఆగిందంటే కారణం అదే కావచ్చు.

5 గిగాహెర్ట్జ్‌లో చోటు చాలా ఎక్కువ. 2018 అక్టోబర్‌లో కేంద్రం ఈ బ్యాండ్‌లో 605 మెగాహెర్ట్జ్‌ని లైసెన్సు అవసరం లేకుండా వాడుకోనిచ్చింది. స్పీడ్ బాగుంటుంది గానీ రెండు గోడలు దాటేసరికి నీరసపడుతుంది. హాల్లో టీవీ, ల్యాప్‌టాప్ దీనికి కలిపి, దూరపు గదిలో ఫోన్లు 2.4లో ఉంచితే మంచిది.

ఇన్ని చేసినా చివరి గదికి అందకపోతే అప్పుడు డబ్బు ఖర్చుపెట్టాలి. చవగ్గా దొరికేది రిపీటర్. దీన్ని చాలామంది సిగ్నల్ రాని గదిలోనే పెడతారు. దానికే సిగ్నల్ అందనప్పుడు అది మీకేం పంచుతుంది? రూటర్‌కీ ఆ గదికీ మధ్య దారిలో, సిగ్నల్ ఇంకా బాగున్న చోట పెట్టాలి. మామూలు రిపీటర్ ఒకే రేడియోతో తీసుకుంటూ, ఇస్తూ ఉంటుంది కాబట్టి స్పీడ్ దాదాపు సగమవుతుంది. కాల్స్‌కి, క్లాసులకి అది చాలు. మూడు బెడ్‌రూముల ఇల్లు, ఇద్దరు ఇంటి నుంచి ఉద్యోగం చేసేవాళ్లుంటే మెష్ సెట్ తీసుకోవడం మేలు. రెండు డబ్బాల్నీ ల్యాన్ కేబుల్‌తో కలిపితే స్పీడ్ తగ్గదు.

పక్కింటివాళ్లు పాస్‌వర్డ్ అడిగితే కాదనడం కష్టమే. గెస్ట్ నెట్‌వర్క్ ఆన్ చేసి అది ఇవ్వండి, అసలుది మీ దగ్గరే ఉంచుకోండి. మీ నెట్‌తో ఎవరైనా తప్పు పని చేస్తే పోలీసులు ముందు అడిగేది కనెక్షన్ ఎవరి పేరు మీదుందో వాళ్లనే.

టెస్ట్‌లో తప్పు లైన్‌దే అని తేలితే ఫిర్యాదు చేసి డాకెట్ నంబర్ తప్పకుండా తీసుకోండి, ఫోన్‌లో "అయిపోతుంది మేడమ్" అంటే సరిపోదు. పని జరక్కపోతే ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి అప్పీల్ చేసుకోవచ్చు, దానికి ఫీజు ఉండదు. అప్పుడు ఆ డాకెట్ నంబర్, మీరు రాసిపెట్టుకున్న స్పీడ్ టెస్ట్ లెక్కలు రెండూ పనికొస్తాయి.