వేలిగోరంత చోట 400 బెజ్జాలు

ప్రొద్దుటూరు కంసాలి అంగళ్లలో కాసేపు కూర్చున్నవాళ్లకు కమ్మచ్చు తెలిసే ఉంటుంది. గట్టి ఉక్కు పలక, దాని నిండా వరసగా బెజ్జాలు, ఒకదానికంటే ఒకటి సన్నం. బంగారు తీగను పెద్ద బెజ్జంతో మొదలుపెట్టి ఒక్కొక్కటే దాటిస్తూ లాగితే చివరికి కావలసినంత సన్నగా దిగుతుంది. కమ్మచ్చులో ఒక బెజ్జం అరిగిపోయినా ఆచారి పక్కదానితో పని గడుపుకుంటాడు. ఇక్కడ చెప్పబోయే పలకలో ఆ వెసులుబాటు లేదు.

ఇది ప్లాస్టిక్ పలక. అగ్గిపెట్టెకన్నా చిన్నది. నడుమ 8 మిల్లీమీటర్ల చదరంలో 20 వరసలు, వరసకు 20 బెజ్జాలు, మొత్తం 400. ఒక బెజ్జం నడిమి నుంచి పక్కదాని నడిమికి దూరం 0.4 మిల్లీమీటరు. బెజ్జం వ్యాసం 0.31. తీసివేత చేస్తే రెండు బెజ్జాల మధ్య మిగిలే గోడ 0.09 మిల్లీమీటరు, అంటే 90 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం 70 మైక్రాన్లు, అటూ ఇటూగా. వెంట్రుకకన్నా కాస్త లావు గోడలు, వాటి నడుమ 400 గదులు.

ఎందుకివి? చిప్పు తయారయ్యాక అది పనిచేస్తుందో లేదో చూడాలి. చిప్పు అడుగున గసగసాల్లాంటి టంకం గుండ్లు వందలకొద్దీ ఉంటాయి. ఒక్కో గుండుకీ కరెంటు అందించాలి, అది ఇచ్చే జవాబు వినాలి. టంకం పెట్టి అతికించడానికి లేదు, పరీక్ష కాగానే చిప్పు వెళ్లిపోవాలి కదా. అందుకని ఒక్కో గుండు కింద ఒక స్ప్రింగు పిన్ను నిలబెడతారు. సన్నటి గొట్టం, లోపల బాల్‌పెన్నులో ఉన్నట్టే స్ప్రింగు, పైనా కిందా మొనలు, ఒంటికి బంగారు పూత. పైమొన చిప్పును తాకుతుంది, కిందిమొన సర్క్యూట్ బోర్డును తాకుతుంది. పోగో పిన్ అంటారు. పోగో అనేది అమెరికాలోని ఎవరెట్ చార్ల్స్ కంపెనీ పెట్టుకున్న వాణిజ్యనామం, వాడుకలో అందరి పిన్నులకూ అదే పేరైపోయింది. ఈ పిన్నులన్నిటినీ నిటారుగా, ఒకదానికొకటి తగలకుండా పట్టి ఉంచే ఇల్లే మన పలక. రెండు మూడు పలకలు ఒకదానిమీద ఒకటి పేర్చి బిగిస్తే టెస్ట్ సాకెట్ అవుతుంది.

బెజ్జం నున్నగా, నేరుగా లేకపోతే పిన్ను ఒరుసుకుంటుంది, తాకిడి బలహీనపడుతుంది. మంచి తాకిడికి 50 మిల్లీ ఓములు నిరోధం ఉందనుకుందాం. ఒక ఆంపియరు పారితే అక్కడ 50 మిల్లీ వోల్టులు పోతాయి. ఇప్పటి చిప్పుల గుండెకాయ 1 వోల్టు చుట్టుపక్కల నడుస్తుంది, అంటే 5 శాతం అక్కడే పోయింది. నిరోధం రెండింతలైతే 10 శాతం. అప్పుడు బాగున్న చిప్పు కూడా చెడిందని తేలి చెత్తలోకి పోతుంది. తప్పు చిప్పుది కాదు, బెజ్జానిది.

ఇప్పుడు అసలు లెక్క. వెయ్యి బెజ్జాలు వేస్తే 999 సరిగ్గా పడే చెయ్యి ఉందనుకోండి. ఎవరైనా శభాష్ అంటారు. కానీ పలక మొత్తం బాగుండాలంటే 400 బెజ్జాలూ బాగుండాలి. 0.999ని 400 సార్లు హెచ్చవేస్తే 0.67 వస్తుంది. మూడు పలకల్లో ఒకటి పారేయాల్సిందే. వెయ్యి బెజ్జాల పలకైతే 0.37 వస్తుంది, అంటే మూడింట రెండొంతులు పోయినట్టే. పదివేలకు ఒక్క తప్పు చేసే స్థాయికి ఎక్కితే 400 బెజ్జాల పలకలు నూటికి 96, వెయ్యి బెజ్జాలవి నూటికి 90 నిలుస్తాయి. ఒక్క బెజ్జం వేయడం హైదరాబాదు బాలానగర్‌లో ఏ కుర్రాడికైనా వస్తుంది. ఈ వృత్తి మొత్తం ఉన్నది ఆ 999కీ 9,999కీ మధ్యనే.

అది కళ్లారా చూశాను. బాలానగర్‌లో ఒక చిన్న టూల్‌రూమ్, మిషను దగ్గర మా వల్లూరు వైపు అబ్బాయి. సూక్ష్మదర్శిని కింద పలక పెట్టి, "సూడన్నా, కిందినుంచి రెండో వరస, కుడిపక్క చివర," అన్నాడు. నల్లటి బెజ్జాల మధ్య ఒకటి మెరుస్తోంది. విరిగిన డ్రిల్ బిట్టు ముక్క. 0.3 మిల్లీమీటర్ల బిట్టు అందులోనే విరిగి ఉండిపోయింది. లాగుదామంటే పట్టు దొరకదు, తోద్దామంటే గోడ చినుగుతుంది. 380వ బెజ్జం అది. బెజ్జానికి 20 సెకన్ల లెక్కన అప్పటికి రెండు గంటలు దాటింది.

పోయింది ఆ రెండు గంటలే అయితే బాధ లేదు. పీక్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు వీటిని. టోర్లాన్, వెస్పెల్ కూడా వాడతారు. దిమ్మను కోయగానే లోపల బిగబట్టి ఉన్న ఒత్తిడి సడలి పలక వంగుతుంది. అందుకని ముందు ముతకగా చెక్కి, ఓవెన్‌లో పెట్టి ఆ ఒత్తిడి తీస్తారు. పీక్‌కు చెప్పే పద్ధతి ఇది: 150 డిగ్రీల దగ్గర 3 గంటలు ఆరబెట్టాలి, గంటకు 10 డిగ్రీల చొప్పున 250కి ఎక్కించాలి, అక్కడ 4 గంటలు ఉంచాలి, మళ్లీ గంటకు 10 డిగ్రీల చొప్పున 140కి దించాలి. కూడితే 28 గంటలు. తొందరపడి ఓవెన్ తలుపు తీస్తే మళ్లీ మొదటికే. ఆ 28 గంటలూ ఒక్క బిట్టుతో పాటు పోయాయి.

బిట్టు ఎందుకు విరుగుతుంది? 10 మిల్లీమీటర్ల బిట్టు నిమిషానికి 900 చుట్లు తిరిగితే దాని అంచు నిమిషానికి 28 మీటర్లు కోస్తూ పోతుంది. 0.3 బిట్టుకు అదే కోత వేగం రావాలంటే 30,000 చుట్లు కావాలి. మామూలు మిల్లింగ్ మిషన్లు అక్కడిదాకా పోవు. లోతు 3 మిల్లీమీటర్లంటే బిట్టు లావుకు పదింతలు. ఒక్క దిగుడులో పోనివ్వరు. కొంచెం దిగడం, పైకి వచ్చి పొట్టు రాల్చడం, మళ్లీ దిగడం. బావి తవ్వేటప్పుడు మట్టి ఎప్పటికప్పుడు పైకి తోడినట్టే. పొట్టు లోపలే ఉండిపోతే వేడెక్కి కరిగి బిట్టుకు అతుక్కుంటుంది, ఆ తర్వాతి చుట్టులో విరుగుతుంది.

ఇక మన ఊరి ఎండ సంగతి. ప్రపంచంలో ఎక్కడ పొడవు కొలిచినా 20 డిగ్రీల దగ్గర ఎంత ఉంటుందో అదే అసలు కొలత అని 1931 నుంచి అంతర్జాతీయ ఒప్పందం. మే నెలలో కమలాపురంలో రేకుల షెడ్డు కింద 42 డిగ్రీలు మామూలే. తేడా 22 డిగ్రీలు. పీక్ ఒక్కో డిగ్రీకి పది లక్షల వంతుల్లో సుమారు 50 వంతులు సాగుతుంది. పలకను బోర్డు మీద సరిగ్గా కూర్చోబెట్టే రెండు డోవెల్ బెజ్జాల మధ్య దూరం 30 మిల్లీమీటర్లనుకుంటే, సాగేది 33 మైక్రాన్లు. కొలిచే ఉక్కు సాధనం కూడా సాగుతుంది కనుక 8 మైక్రాన్లు మినహాయిద్దాం. ఇంకా 25 ఉంది. ఇలాంటి పనిలో ఇచ్చే సడలింపు 10 మైక్రాన్లు. షెడ్డులో సరిగ్గా ఉన్నదని పంపిన పలక, చల్లటి గదిలో విప్పేసరికి తప్పు పలక. ఎవరూ అబద్ధం చెప్పలేదు, పాదరసం చెప్పింది.

పరీక్షలోనూ ఇదే తిప్పలు. కార్లలో పెట్టే చిప్పులను మైనస్ 40 నుంచి 125 డిగ్రీల దాకా పరీక్షిస్తారు. గది వేడి నుంచి 100 డిగ్రీలు పెరిగితే, నడిమి నుంచి 20 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న బెజ్జం పెద్ద పీక్ పలకలో 100 మైక్రాన్లు జరుగుతుంది. కింది బోర్డు మీద దాని జోడీ 32 మైక్రాన్లే జరుగుతుంది. 68 మైక్రాన్ల తేడాతో పిన్ను వాలిపోతుంది. టోర్లాన్ సాగుడు 30 వంతులే కనుక తేడా 28 మైక్రాన్లకు దిగుతుంది. కానీ టోర్లాన్ గాలిలో తేమ పీల్చి ఉబ్బుతుంది. అన్నిట్లో మంచిదనే సరుకు లేదు. సిరామిక్ కలిపిన పీక్ రకాలు వచ్చింది ఈ బాధకే. సాగుడు తగ్గింది, కానీ సిరామిక్ గరుకు బిట్టు మొనను త్వరగా తినేస్తుంది.

ఇదంతా మనకెందుకంటే, చింతకొమ్మదిన్నె మండలం కొప్పర్తి మన కమలాపురం నియోజకవర్గమే. అక్కడ 540 ఎకరాల ఎలక్ట్రానిక్స్ తయారీ కేంద్రాన్ని 2021 డిసెంబరు 23న ప్రారంభించారు. సీసీ కెమెరాలు చేసే ఫ్యాక్టరీ అక్కడ నడుస్తోంది. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాల్లో కర్నూలు వైపు ఓర్వకల్లు, మన వైపు కొప్పర్తి రెండూ ఉన్నాయి. కొప్పర్తికి 2,596 ఎకరాలు, 2,137 కోట్ల రూపాయలు. కెమెరా బోర్డులాంటివి తయారయ్యే ఏ చోటైనా బోర్డును పిన్నుల మీద నొక్కి చూసే పరీక్ష జిగ్గులు కావాలి. అవి మన పలకకు పెద్దక్కలు. పి75 రకం పిన్ను లావు 1.02 మిల్లీమీటరు, దాన్ని పట్టే గొట్టం 1.32, పిన్నుకూ పిన్నుకూ ఎడం దాదాపు 1.9. చెయ్యి తిరగడానికి మొదట ఇది చాలు. బిట్టు అంత సులువుగా విరగదు, తప్పు జరిగినా షీటు ఖరీదు తక్కువ.

ఆ తర్వాతి మెట్టు కూడా కనిపిస్తోంది. 2025 ఆగస్టు 12న కేంద్రం ఆమోదించిన సెమీకండక్టర్ ప్రాజెక్టుల్లో ఏసిప్ అనే సంస్థ చిప్పుల ప్యాకేజింగ్ యూనిట్ ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది, దక్షిణ కొరియా ఏపాక్ట్ కంపెనీ సాంకేతిక సాయంతో. సామర్థ్యం ఏడాదికి 9.6 కోట్ల యూనిట్లు. ఒక సాకెట్ పిన్నులు 3 లక్షల తాకిళ్లకు మార్చాలనుకుని, ఒక్కో చిప్పును ఒక్కసారే పరీక్షిస్తారనుకుంటే, ఏడాదికి 320 సెట్లు. వేడిలో ఒకసారి, చల్లదనంలో ఒకసారి అంటే 640. ఇది నా కాకిలెక్క, చిప్పు రకాన్ని బట్టి మారుతుంది. ఇప్పటిదాకా ఇలాంటి పనికి పెట్టింది పేరు బుసాన్‌లోని లీనో లాంటి కొరియా కంపెనీలు. అక్కడినుంచి పలక రావడానికి పట్టే రోజులు లైను ఆగి ఉండే రోజులే. దగ్గర్లో చేసేవాళ్లుంటే గిరాకీ దానంతటదే వస్తుందని నా నమ్మకం. నేర్చుకోవడానికి 1968 నుంచి బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. మా వైపు పాలిటెక్నిక్ పిల్లలు అక్కడికి ఇంకా ఎక్కువమంది పోవాలి.

వల్లూరు అబ్బాయిని అడిగాను, ఊళ్లో పెట్టాలంటే ఏం కావాలని. వేగం ఉన్న స్పిండిల్ మిషను, సూక్ష్మదర్శిని, 20 డిగ్రీల దగ్గర నిలిచే గది అన్నాడు. గదికి ఒకటిన్నర టన్నుల ఏసీ, రాత్రింబగళ్లు ఆగకుండా తిరిగితే రోజుకు గట్టిగా 36 యూనిట్లు.

"కరెంటు పోతే ఎట్లరా?"

"గది మళ్లా తొందరగానే సల్లబడుతుందన్నా. మిషను ఇనుము గదా, అది సల్లబడేదానికి నాలుగైదు గంటలు. అంతవరకు బిట్టు తాకీయం."